కార్బాలిక్ ఆమ్లం: ఆ పేరు తప్పా?

1834లో జర్మన్ రసాయనవేత్త రుంగే బొగ్గు తారు నుంచి ఫినాల్‌ను వేరుచేసి, బొగ్గు, నూనె అనే అర్థాలున్న లాటిన్ మాటలు కలిపి దాన్ని కార్బాలిక్ ఆమ్లం అన్నాడు. మన కార్బాలిక్ సబ్బు పేరూ అక్కడిదే. కార్బాక్సిల్ సమూహమే లేనిది ఆమ్లమెలా అవుతుంది, వంటసోడాలో కలిపితే నురగైనా రాదే అంటారు. నిజమే, వంటసోడా నుంచి పుట్టే కార్బానిక్ ఆమ్లం కన్నా ఫినాల్ బలహీనం. కానీ కాస్టిక్ సోడా ద్రావణంలో వేసి చూడండి: మామూలు నీళ్లలో కొద్దిగానే కరిగే ఫినాల్ ఇట్టే కరిగిపోతుంది, హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే మళ్లీ వేరుపడుతుంది. తనలాగే హైడ్రాక్సిల్ సమూహం ఉన్న ఇథనాల్ కంటే ఇది దాదాపు పది లక్షల రెట్లు బలమైన ఆమ్లం. ప్రోటాన్ పోయాక మిగిలే రుణావేశాన్ని ఫినాల్‌లోని బెంజీన్ వలయం పంచుకోవడమే కారణం. ఆ వలయానికి మూడు నైట్రో సమూహాలు చేరిన పిక్రిక్ ఆమ్లమైతే వంటసోడాను సైతం పొంగిస్తుంది. ప్రోటాన్ ఇచ్చేదే ఆమ్లం. రుంగే పెట్టిన పేరు సరైనదే.