గేటు పక్క గది

చేతిలో ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి ఉన్నావు. పాస్‌పోర్టు, వీసా కాగితం, కాంట్రాక్టు నకలు, చెన్నైలో చేయించుకున్న మెడికల్ రిపోర్టు అన్నీ అందులోనే. కువైట్‌లో రాత్రి పదకొండు. రైల్వే కోడూరులో ఒంటిగంటన్నర. అమ్మ నిద్రపోయి ఉండదు. ముందున్నాయన వెనక్కి తిరిగి నీ ఫైలు వంకా, నీ కొత్త బూట్ల వంకా చూస్తాడు.

"కొత్తగా వస్తాండావా, తమ్ముడా?"

"అవునన్నా."

"యాడ మీది?"

"కోడూరు కాడ."

"మాది పుల్లంపేట. ఖాదిమ్ వీసానా, షూన్ వీసానా?"

నీకు తెలియదు. కాగితం తీసి చూపిస్తావు. ఆయన వేలు 20 అనే అంకె మీద ఆగుతుంది. "ఖాదిమ్. ఇంటి డ్రైవరు. నాది షూన్, పద్దెనిమిది." అంతకుమించి చెప్పడు. వరుస కదులుతుంది. 18 అంటే ప్రైవేటు కంపెనీ కొలువు, దానికి కార్మిక చట్టం ఉంది. 20 అంటే ఒక కుటుంబం కింద పని. ఆ ఇల్లే నీ కంపెనీ, ఆ ఇంటి యజమానే నీ కఫీల్, అంటే వీసా పూచీదారు. డబ్బు తీసుకున్న ఏజెంటు ఈ తేడా చెప్పలేదు. జీతం 120 దినార్లని మాత్రం మూడుసార్లు చెప్పాడు. దినారంటే మన డబ్బుల్లో 250 రూపాయల పైమాటే కదా, గుణించుకున్నాక ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

బయటి తలుపు దాటగానే గాలి ముఖానికి కొడుతుంది. అర్ధరాత్రి కావస్తున్నా బొరుగుల బట్టీ పక్కన నిలబడ్డట్టే ఉంది. కఫీల్ కొడుకు ఫోన్ తెర మీద నీ పేరు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళు ఉండవు. నవ్వి, చల్లటి నీళ్ళ బాటిల్ చేతిలో పెడతాడు. పార్కింగ్‌లో ఎత్తయిన తెల్ల జీఎంసీ. అలవాటు కొద్దీ ముందు సీటు కోసం ఎడమ తలుపు తెరవబోతావు. అక్కడ స్టీరింగ్ ఉంది. అతను మళ్ళీ నవ్వుతాడు. ఈసారి నీకు నవ్వు రాదు. పన్నెండేళ్ళుగా బొప్పాయి లారీలు, పెళ్ళి సుమోలు నడిపిన చేతులు నీవి.

రోడ్డు మీద బండ్లన్నీ కుడి పక్కనే పోతుంటే ప్రతి మలుపు దగ్గరా నీ కాలు లేని బ్రేకును తొక్కుతూ ఉంటుంది. ఊరి చుట్టూ ఒకదాని వెనక ఒకటిగా రింగు రోడ్లు. వాటికి పేర్ల కంటే నంబర్లే వాడుక, ఐదో రింగు, ఆరో రింగు అని. సల్వా అనే ప్రాంతంలో ఒక వీధిలోకి తిరిగాక మూడంతస్తుల ఇల్లు, ఇనుప గేటు. గేటు పక్కనే నీ గది. ఒక మంచం, చిన్న ఫ్రిజ్, గోడకు హోరుమనే ఏసీ.

స్నానం చేద్దామని కుళాయి తిప్పి చెయ్యి వెనక్కి లాక్కుంటావు. నీళ్ళు కాలిపోతున్నాయి. వంటింటి వైపు నుంచి ఎవరో నవ్వుతారు.

"అది కాదు తమ్ముడూ, గీజరు కుళాయి తిప్పు. దాన్ని ఆపేసి ఉంచుతాం. అందులో నీళ్ళే చల్లగుంటాయి."

ఈ ఇంటి వంటమనిషి. రాజోలు వైపు ఆవిడ. ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది, పిల్లల్ని అరబ్బీలోనే గదమాయిస్తుంది. ఎండాకాలమంతా మిద్దె మీద ట్యాంకులు కాగి ఉంటాయి. ఇంటి లోపలుండే గీజరులో నీళ్ళు చల్లారతాయి. ఈ దేశంలో ఎండ తీరు తెలియాలంటే ఈ తిరకాసు చాలు. 2016 జూలైలో ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయింది.

పొద్దున లేచి పైపుతో కారు కడుగుతావు. తర్వాత గచ్చు, ఆ తర్వాత ఖర్జూరం చెట్ల పాదులు. నీళ్ళు ధారగా పోతూనే ఉంటాయి. వరసగా రెండు బోర్లు ఎండిపోతేనే కదా నాన్న అప్పు చేసిందీ, నువ్వు విమానం ఎక్కిందీ. ఈ దేశంలో ఒక్క నది లేదు. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు రాకముందు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తాగునీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. చమురు డబ్బు నీళ్ళను కూడా పుట్టించింది. గచ్చు కడిగిన నీళ్ళు వీధి వారన పారి నీ కళ్ళ ముందే ఆవిరైపోతాయి.

మొదటి రోజుల్లో కారు నీ చేతికి రాదు. రక్త పరీక్ష, ఎక్స్‌రే, వేలిముద్రలు, ఆ పైన అకామా అనే నివాస అనుమతి, ఆ పైన సివిల్ ఐడీ, అన్నీ అయ్యాకే లైసెన్సు పరీక్ష. అందాకా పాత డ్రైవరు పక్కన కూర్చుని తిరుగుతావు. శ్రీలంక పెద్దాయన, వచ్చే నెలలో ఇంటికి వెళ్ళిపోతున్నాడు. వచ్చీరాని హిందీలో నేర్పుతాడు. చిరునామా అంటే ముందు ప్రాంతం, తర్వాత బ్లాకు, తర్వాత వీధి, తర్వాత ఇంటి నంబరు. కుడి యమీన్, ఎడమ యసార్. యజమానిని బాబా అనాలి, ఆయన భార్యను మామా అనాలి. ఆమె నీకంటే నాలుగైదేళ్ళు పెద్దది, అంతే. ఆ మాట నోటికి రావడానికి వారం పడుతుంది.

జమియాకు తీసుకెళ్తాడు. ప్రతి ప్రాంతానికీ ఉండే సహకార సంఘం దుకాణం అది. పాలు, ఖుబ్బూస్ రొట్టెలు, మూడు పెట్టెల నీళ్ళ సీసాలు బండిలో తోసుకొస్తే క్యాషియర్ డబ్బు కంటే ముందు ఒక నంబరు అడుగుతాడు. అది ఆ కుటుంబం వాటా నంబరు. కొన్నదానికి లెక్కకట్టి ఏడాదికోసారి వాళ్ళకు లాభం పంచుతారు. పెద్దాయన కళ్ళు మూసుకుని చెబుతాడు. నువ్వూ బట్టీ పట్టాలి. ఇంకా నీ సివిల్ ఐడీ నంబరే నీకు రాలేదు.

లైసెన్సు చేతికొచ్చాక, అసలు పని అర్థమయ్యేది రాత్రిపూట. బాబాను దివానియా దగ్గర దింపుతావు. మగవాళ్ళు కూడి వ్యాపారాలూ రాజకీయాలూ మాట్లాడుకునే పెద్ద హాలు. లోపల దీపాలు, టీ. బయట గోడ వెంబడి వరసగా కార్లు, ఒక్కో కారుకు ఒక్కో డ్రైవరు. మలప్పురం, సిల్హెట్, కాండీ, మధ్యలో నువ్వు. తొమ్మిదిన్నర అవుతుంది, పదకొండవుతుంది. పెట్రోలు వృథా అని కొందరు ఇంజన్ ఆపేసి అద్దాలు దించుతారు. చొక్కా వీపుకు అంటుకుపోతుంది. ఇంటికి వీడియో కాల్ చేస్తే మీ ఆవిడ నిద్రమత్తులో, "కారు ఎట్లుందో చూపీ" అంటుంది. ఫోన్ తిప్పి చూపిస్తుండగానే బాబా నుంచి కాల్ వస్తుంది. ఒకటే మాట, "తాల్." వచ్చెయ్ అని. కారు గుమ్మం ముందు ఆగాక ఆయన మరో అరగంట గుమ్మంలోనే నిలబడి మాట్లాడతాడు. మర్నాడు మామాతో మాల్‌కు. నేలమాళిగ పార్కింగ్‌లో నాలుగు గంటలు. నడిపింది ఇరవై నిమిషాలు.

మధ్యాహ్నం దారిలో కట్టుబడి పనులన్నీ ఆగి ఉంటాయి. జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా పదకొండు నుంచి నాలుగు వరకూ ఎండలో పని నిషేధం, కూలీలు నీడకు పోయారు. బాగానే ఉంది. ఆ నిషేధం కంపెనీల వాళ్ళకు. ఇంటి గచ్చు మీద పైపు పట్టుకున్న నిన్ను చూసేందుకు ఏ తనిఖీదారూ రాడు.

శుక్రవారం రెండు గంటలు విడుపు దొరికితే కువైట్ నగరంలోని మాలియాకు పోతావు. బస్సు దిగీ దిగకముందే తెలుగు వినబడుతుంది. రాయచోటి, రాజంపేట, కొవ్వూరు. డబ్బు పంపే కౌంటర్ల దగ్గర వరసలు. ఎయిర్‌పోర్టులో కనబడ్డ పుల్లంపేట ఆయన దొరుకుతాడు. మొదట అడిగేది నీ జీతం గురించి కాదు.

"పాస్‌పోర్టు యాడుంది?"

మెడికల్‌కని కఫీల్ కొడుకు తీసుకున్నాడు, సొరుగులో పెట్టాడు. అడగడానికి మొహమాటపడ్డావు. మంచివాళ్ళే మరి, నీళ్ళ బాటిల్ ఇచ్చినవాళ్ళు.

మంచితనం సంగతి వేరు, కాగితం సంగతి వేరు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్ళ కోసమే. నీ ఒప్పుదల లేకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు. వారానికో సెలవు, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవు ఇవ్వాలి. దివానియా గోడ పక్కన కూర్చున్న గంటలు కూడా పని గంటలే. వాటిని నీ ఖాళీ సమయమని ఎవరైనా అంటే నమ్మకు. బయల్దేరబోయే తమ్ముడు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే మనవి: కాంట్రాక్టులో జీతం అంకె దగ్గరే ఆగిపోవద్దు. పని గంటల గడి, సెలవు గడి చదివించుకుని అప్పుడు సంతకం పెట్టు, ఒక నకలు ఇంట్లో ఉంచి వెళ్ళు.