పోయింది ఎవరి బస్తా?

ఈ వారం ఎపిసోడ్‌లో టైము చాలక వదిలేసిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. క్రిప్టో కంపెనీలో దొంగలు పడితే మిగిలిన సొమ్ములో ఎవరికి ఎంత రావాలి? ఈ తగువుకి పదేళ్ళు దాటిన చరిత్ర ఉంది. నేను ఫ్రిస్కోలో సైటు సూపర్‌వైజర్ని, ఐటీఐ చదువు. కోడింగు రాదు. సరుకు లెక్క తెలుసు, ఇదీ సరుకు లెక్కే.

గుంటూరు కోల్డ్ స్టోరేజీ తలుచుకోండి. మిర్చి బస్తాలు ఫలానా రైతువని లెక్క ఉంటుంది. ఒక గదిలో నిప్పు పడితే ఆ గదిలో సరుకున్న రైతుకే నష్టం. అదే అందరి వడ్లూ ఒకే గాదెలో పోస్తే, ఎలుకలు తిన్నది అందరి వాటాలోంచీ పోతుంది. క్రిప్టో కంపెనీ దగ్గర మనది బస్తానా, గాదెలో గింజలా? తగువంతా ఇక్కడే.

మొదటి పెద్ద కేసు టోక్యోలోని మౌంట్ గాక్స్. 2014లో కూలిపోయింది. 8,50,000 బిట్‌కాయిన్లు పోయాయన్నారు, తర్వాత పాత వాలెట్‌లో 2,00,000 దొరికాయి. దివాలా చట్టం ప్రకారం ఖాతాదారుల బాకీని 2014 ధరకే, కాయిన్‌కి సుమారు 483 డాలర్లకే కట్టేశారు. 2017కి ధర వేలల్లోకి పోయింది. దొరికినవి అమ్మితే బాకీలన్నీ తీరి ఇంకా బోలెడు మిగులుతుంది. ఆ మిగులు చట్టప్రకారం కంపెనీ వాటాదారులకట! పోగొట్టుకున్నోడికి పాత ధర, పోగొట్టినోళ్ళకి కొత్త ధర. ఖాతాదారులు పోరాడి 2018 జూన్‌లో కేసుని దివాలా నుంచి కంపెనీ పునరుద్ధరణ కిందికి మార్పించారు. దాంతో కాయిన్లు కాయిన్లుగానే వచ్చే దారి పడింది. అయినా అవి చేతికి రావడం మొదలైంది 2024 జూలైలో.

2016 ఆగస్టులో బిట్‌ఫినెక్స్‌లో 1,19,756 బిట్‌కాయిన్లు పోయాయి. వాళ్ళు గాదె లెక్క పట్టారు. ప్రతి ఖాతాలో 36 శాతం కోత, డాలర్లు మాత్రమే దాచుకున్నోడికి కూడా. బదులుగా టోకెన్లిచ్చి 2017 ఏప్రిల్‌కల్లా తీర్చేశారు. కంపెనీ బతికి బట్టకట్టింది కాబట్టి సరిపోయింది.

మనోళ్ళకి తగిలింది వజీర్‌ఎక్స్. 2024 జూలై 18న దాదాపు 23 కోట్ల డాలర్లు, సుమారు 2,000 కోట్ల రూపాయలు పోయాయి. ఉత్తర కొరియా హ్యాకర్ల పనేనని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రకటించాయి. దొంగ సంగతి అంతే. మిగతాదంతా ఇంట్లో గొడవ. తాళాలు చూసే లిమినల్‌ది తప్పని వజీర్‌ఎక్స్, కాదు మీదేనని లిమినల్. అసలు కంపెనీ ఎవరిదన్నదీ అంతకుముందే తేలలేదు: 2019లో కొన్నామని ప్రకటించిన బైనాన్స్, 2022లో కొనుగోలు పూర్తే కాలేదంది.

కంపెనీ మొదట చెప్పింది 55-45 లెక్క. 55 శాతం వాడుకోండి, 45 శాతం ఆపేస్తాం అని. పోయిన కాయిన్ నీ దగ్గర లేకపోయినా కోత తప్పదు. జనం భగ్గుమన్నారు. తర్వాత సంగతి సింగపూర్ హైకోర్టుకి పోయింది, ఎందుకంటే యాప్ ఇండియాది, రూపాయలు మనవి, కానీ మాతృసంస్థ జెట్టాయ్ సింగపూర్‌ది. మనకిది కొత్తేం కాదు కదా: ఏజెంటు ఊళ్ళో, పని గల్ఫ్‌లో, కాగితం మీద ఇంకెవరి పేరో. కొందరు సుప్రీంకోర్టుకెళ్ళినా 2025 ఏప్రిల్‌లో పిటిషన్ కొట్టేశారు. ఖాతాదారులు ఓటేసి ఒప్పుకున్న పథకాన్ని జూన్‌లో సింగపూర్ కోర్టు కాదంది. మార్చి, మళ్ళీ ఓటేయించి, అక్టోబరు 13న ఆమోదం తెచ్చుకున్నారు. 24న యాప్ తెరుచుకుంది. లోటుకి టోకెన్లు, ఎప్పుడైనా రాబడి వస్తే తీరుస్తామని.

ఆ మర్నాడే, 25న, మద్రాసు హైకోర్టు ఒక ఖాతాదారు కేసులో తీర్పిచ్చింది. ఆమె దగ్గరున్నవి 3,532.30 ఎక్స్‌ఆర్‌పీ కాయిన్లు, కొన్నది సుమారు 1.98 లక్షలకి. దొంగలు పట్టుకుపోయినవి వేరే రకం కాయిన్లు, నావి కాదు, నా మీద నష్టం ఎందుకు రుద్దుతారని ఆమె వాదన. సింగపూర్ పథకం అందరికీ వర్తిస్తుందని కంపెనీ. జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ క్రిప్టో ఆస్తేనని, ఒకరి తరఫున మరొకరు ధర్మకర్తగా ఉంచదగ్గదేనని తేల్చారు. బస్తా లెక్క అన్నమాట. ఆర్బిట్రేషన్‌లో తేలేదాకా ఆమె సొమ్ముకి దాదాపు 9.56 లక్షల బ్యాంకు గ్యారంటీ ఇవ్వమని, లేదా అంత మొత్తం విడిగా జమ చేయమని వజీర్‌ఎక్స్ భారత కంపెనీని ఆదేశించారు.