జొన్నచేలో రెక్కల్లేని మిడత

మా ఇళ్లలో పెద్దవాళ్లు కరువు కబుర్లు చెబుతుంటే మధ్యలో మిడత తప్పకుండా వచ్చేది. మిడత అంటే చాలామందికి ఆకాశం కమ్ముకుని వచ్చే దండు గుర్తొస్తుంది. బళ్ళారి సీమలో మనవాళ్లు భయపడింది దానికొక్కదానికే కాదు. ఇక్కడి గట్ల మీదే పుట్టి, ఇక్కడి జొన్నే తిని, ఇక్కడే గుడ్లు పెట్టే మిడత ఇంకొకటి ఉంది. దానికి ఎగిరే రెక్కలు లేవు.

మనం మిడత అంటే కన్నడం వాళ్లు మిడతె అంటారు. జొన్న వాళ్లకు జోళ. అందుకే మైసూరు వ్యవసాయ శాఖ దీన్ని జోళ మిడత, దక్కన్ మిడత అని రాసింది. 1908లో మైసూరు కొలువులో చేరిన కెనడా శాస్త్రవేత్త లెస్లీ కోల్‌మన్ దీని మీద 1911లో ఒక పుస్తికే వెలువరించారు. 1910లో స్పెయిన్ కీటక శాస్త్రవేత్త బొలివర్ దీనికి కోల్‌మేనియా అని పేరు పెట్టింది ఆయన గౌరవార్థమే.

దీనికి ఏడాదికి ఒక్కటే తరం. వానాకాలం చివర ఆడమిడత మట్టిలో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు చలికాలం, ఎండాకాలం భూమిలోనే గడిపి తొలకరికి పగులుతాయి. సరిగ్గా అప్పుడే గట్ల మీద పచ్చిక, చేలో జొన్న మొలక లేస్తాయి.

మరి ప్రతి ఏడూ ఎందుకు విరుచుకుపడదు? వానే తేల్చాలి. తొలకరి బాగా తడిపి, ఆ తర్వాత ఎండ కాస్తే పిల్లమిడతలు త్వరగా ఎదుగుతాయి. ముసురు వదలకపోతే చాలా పిల్లలు చస్తాయి, మిడతలకు పట్టే బూజు తెగులూ వ్యాపిస్తుంది. మొదటి వాన కురిసి మళ్లీ మొహం చాటేస్తే పచ్చిక ఎండి ఆకలికి పోతాయి. అయితే ఆ ఏడు జొన్నా ఎండుతుంది, రైతుకు దక్కేదేమీ లేదు.

రెండోది దుక్కి. వేసవిలో లోతుగా దున్నితే గుడ్లు పైకొచ్చి ఎండకు మాడతాయి, పిట్టల పాలవుతాయి. గట్టుకూ బీడుకూ నాగలి తగలదు కాబట్టి అక్కడి గుడ్లు భద్రం. 1876–78 కరువు బళ్ళారిని నలిపేసింది. అలాంటి కాలాల్లో ఎద్దులు చచ్చి, మనుషులు వలసపోయి, చేలు బీళ్లయ్యేవి. వాన తిరిగొచ్చాక రైతు తిరిగొచ్చేలోపు మిడతకు కావలసిన చోటు సిద్ధంగా ఉండేదన్నమాట. పెద్దవాళ్లు కరువునూ మిడతనూ ఒకే ఊపిరిలో చెప్పడం ఊరికే కాదని మాకిప్పుడు తోస్తుంది.

అలాగని బీడంతా దున్నేస్తే సరిపోతుందా? ఆ గడ్డే మన గొర్రెలకు మేత. మిడతల్ని తినే బట్టమేకపిట్టకు ఇల్లు. సిరుగుప్ప వైపు, కర్నూలు సీమ రోళ్ళపాడు వైపు ఒకప్పుడు తిరిగిన ఆ పిట్ట ఇప్పుడు కంటపడడమే గగనం. గడ్డి తగ్గింది, దాంతో పిట్టా తగ్గింది.

1953లో బళ్ళారి మైసూరులో కలిసింది. సరిహద్దు మారినా గట్టు మారలేదు, తొలకరీ మారలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మిడత ఏ కార్తెలో కనబడేదో, ఏ గట్టు మీద మొదలయ్యేదో ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. చేను అమ్ముకున్నా ఆ తెలివి మనదే.