తెలుగు బొమ్మల పుస్తకాల్లో కరుణ: స్వరూపం, పరిణామం

తెలుగు బాలసాహిత్య చరిత్రలో నీతికి దక్కిన స్థానం కరుణకు దక్కలేదు. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక' పాఠ్యగ్రంథంగా తరతరాల విద్యార్థులకు అందింది. అందులోని మిత్రలాభ, మిత్రభేదాలు ప్రధానంగా బోధించేది లౌక్యం: ఎవరిని నమ్మాలి, ఎవరికి ఎడంగా ఉండాలి, బలవంతుణ్ణి యుక్తితో ఎలా గెలవాలి అన్నది. ఎదుటి ప్రాణి బాధను గుర్తించి దాని పక్కన నిలవడం వేరే విద్య. ఈ రెంటినీ 'నీతికథలు' అన్న ఒకే పేరు కింద చేర్చడం వల్ల, పిల్లల కోసం గీసిన బొమ్మల్లో కరుణ ఏ రూపంలో ప్రవేశించింది, ఎలా మారింది అన్న ప్రశ్న మరుగున పడింది.

ఈ ప్రశ్నకు తెలుగు క్రియాపదాలే దారి చూపుతాయి. 'కరుణించు' అన్న క్రియకు కర్త సాధారణంగా దేవుడో రాజో అవుతాడు. 'దయచూపు' కూడా పైనుంచి కిందికి సాగే క్రియే. 'జాలిపడు' ఎవరైనా చేయవచ్చు గాని, జాలికి గురైనవాడు దానికి సంతోషించడం అరుదు. వాక్యం ఈ ఎత్తుపల్లాలను కొంతవరకు దాచగలదు, బొమ్మ దాచలేదు. ఎవరు నిలబడ్డారు, ఎవరు వంగారు, చిత్రం నడుమ ఎవరున్నారు అన్నవి చదువు రాని పిల్లల కంటికి కూడా తెలిసిపోతాయి.

కరుణను బొమ్మల్లో చెప్పే పద్ధతి తెలుగు నేలకు అచ్చు యంత్రంతో వచ్చింది కాదు. గోలి శిల్పాల్లో వెస్సంతర జాతకం, నాగార్జునకొండలో శిబి జాతకం కనిపిస్తాయి. అన్నింటిలోకీ చెప్పుకోదగినది అమరావతి స్తూపానికి చెందిన నలగిరి ఫలకం. ఒకే వృత్తంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకచోట మదించి మనుషులను తొక్కుతూ, మరొకచోట బుద్ధుని ముందు మోకరిల్లుతూ. పైఅంతస్తుల నుంచి జనం భయంతో చూస్తుంటారు. ఈ రెండు దశల మధ్య ఏం జరిగిందో శిల్పి చెక్కలేదు. దాన్ని చూసేవాడే ఊహించుకోవాలి. పుట తిప్పితే గాని తర్వాతి దృశ్యం తెలియని నేటి బొమ్మల పుస్తకం కూడా పాఠకుడికి అప్పగించేది ఈ పనినే. నీతివాక్యం చివర ఉండదు గనుక ఎరుక చూపులోనే కలగాలి.

1947 జూలైలో మొదలైన 'చందమామ' జాతక కథలను బొమ్మలతో ఇంటింటికీ చేర్చింది. ఆ సేవ చిన్నది కాదు. అయితే జాతకాల్లోనూ, శిబి వంటి త్యాగుల కథల్లోనూ కరుణకు కేంద్రం దాతే. పావురం శరణు వేడడంతో దాని వంతు ముగుస్తుంది. తర్వాత అది తక్కెడలో బరువు మాత్రమే. పరీక్ష రాజుది, కీర్తి కూడా రాజుదే. ఈ నమూనా చదివిన పిల్లవాడు తనను రాజు స్థానంలో ఊహించుకుంటాడే గాని పావురం స్థానంలో ఊహించుకోవడం కష్టం.

ఈ నమూనా నుంచి పక్కకు జరిగిన పుస్తకాలు మాస్కో నుంచి వచ్చాయి. ప్రగతి, ఆ తర్వాత రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికేవి. కొర్నేయ్ చుకోవ్‌స్కీ రచన 'మొసలి కాజేసిన సూర్యుడు' వాటిలో ఒకటి. అందులోని ఎలుగుబంటి తప్పిపోయిన తన పిల్లల కోసం బురదనేలలో ఏడుస్తూ తిరుగుతుంటుంది. లోకమంతా చీకటైతే నువ్వు ఏడుస్తూ కూర్చుంటావా అని దానికి కర్తవ్యం గుర్తుచేసేది కుందేలు. అడవిలోకెల్లా బలహీనమైన ప్రాణి నోట ఆ మాట రావడం, సొంత దుఃఖంలో మునిగినదే ఇతరుల కోసం లేవడం ఇక్కడి విశేషాలు. చివరికి ఎలుగుబంటి మొసలిని నలిపి సూర్యుణ్ణి కక్కిస్తుంది. కరుణ అంటే మెత్తదనమే అనుకునేవారికి ఈ ముగింపు మింగుడుపడదు.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక ఆ సరఫరా ఆగిపోయింది. ఆ లోటును గుర్తించి సోవియట్ బాలల పుస్తకాలను తిరిగి అచ్చువేసిన సంస్థల్లో తార్నాకలోని 'మంచి పుస్తకం' ముఖ్యమైనది. అమెరికాలోని తెలుగువారి సంఘం తానాతో కలిసి కొత్త బొమ్మల కథలను కూడా అది తెచ్చింది. తార్నాకకు ఒక పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం, తూర్పున నాచారం, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు ఉన్నాయి. ప్రొఫెసరు ఇంటి పిల్లలు, ఫ్యాక్టరీ కార్మికుడి పిల్లలు పక్కపక్కనే పెరిగే ప్రాంతమిది. ఇలాంటి చోట పుస్తకం ధర కూడా కరుణ చర్చలో భాగమే. కొనలేని పిల్లల గురించి కొనగలిగినవారి పిల్లలు చదువుకునే పుస్తకం మళ్లీ శిబి కథే అవుతుంది.

హైదరాబాదులోని అన్వేషి పరిశోధన కేంద్రం రూపొందించగా 2008లో వెలువడిన 'డిఫరెంట్ టేల్స్' పరంపర ఈ లోపాన్నే పట్టుకుంది. గోగు శ్యామల రాసిన తాటకి కథలో దళిత బాలిక దొర ముందు నిస్సహాయంగా నిలబడదు. తన్ను తానే కాపాడుకుంటుంది. ఆమెపై జాలిపడే అవకాశం పాఠకుడికి దక్కదు. మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన తలకాయ కూర కథ మరింత ఇబ్బందికరమైన ప్రశ్న వేస్తుంది. జంతువుల పట్ల దయను బోధించే బొమ్మల పుస్తకాలు శాకాహారాన్ని దాదాపు సహజధర్మంగా చూపుతాయి. మేకతల ఉడికే ఇంట్లో సంతోషంగా భోజనానికి ఎదురుచూసే ముస్లిం పిల్లవాడు ఆ పుస్తకాల ప్రకారం దయలేనివాడు కావాలి. అలా అనిపించడం కథ లోపమా, ఇంతకాలం అలవాటైన చూపు లోపమా? పిల్లవాడి ఇంటిని అసహ్యించుకుంటూ మేకపై దయ నేర్పే పాఠం తరగతిలో ఎవరిని తల దించుకునేలా చేస్తుందో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

ఇదే పరంపరలోని జయశ్రీ కళత్తిల్ కథ కేరళలోది. ఊరంతా పిచ్చివాడని వెక్కిరించే, గోనెపట్ట చుట్టుకు తిరిగే మనిషితో ఒక బాలికకు స్నేహం కుదురుతుంది. ఆమె తోబుట్టువును పోగొట్టుకున్న పిల్ల. వారిద్దరిలో ఎవరు ఎవరికి ఆసరా అన్నది తేల్చి చెప్పడం కష్టం.