యాది

షామీర్‌పేట చెరువు కింద అమ్మమ్మ పుట్టింటివాళ్ల పొలం ఉండేది. ఆ కాలపు సంగతులు ఫోన్‌లో రికార్డు చేద్దామని కూర్చుని, "చిన్నప్పటివి జ్ఞాపకమున్నాయా అమ్మమ్మా?" అని అడిగాను. "యాదికొస్తే చెప్త బిడ్డా, రాకుంటే ఏం జేస్త?" అంది. రెండు గంటల రికార్డులో ఆమె నోట 'జ్ఞాపకం' ఒక్కసారీ రాలేదు.

ఫారసీ 'యాద్' ఉర్దూ మీదుగా మన నోటికి చేరింది. ఫిర్యాద్ తెలుగులో ఫిర్యాదు అయింది. అదే తోక ఉన్న యాద్ మాత్రం యాది అయింది. మరాఠీలో 'యాదీ' అంటే జాబితా. మన కచేరీలకు 'యాదాస్తు' దక్కింది, మరిచిపోకుండా రాసిపెట్టుకునే కాగితం. అమ్మమ్మ చిన్నప్పుడు షామీర్‌పేట వైపు మేడ్చల్ అత్రాఫ్ బల్దా జిల్లాలో తాలూకా, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్ భూమి. 1949లో సర్ఫెఖాస్ పోయింది, ఆ తర్వాత ఆ కచేరీ మాటలూ కొన్ని మరుగునపడ్డాయి. యాది మాత్రం ఇళ్లలో ఉండిపోయింది.

అమ్మమ్మ తారీఖులు చెప్పదు. "పోలీసు యాక్షనైన మూడేండ్లకు నా లగ్గం" అంటుంది. నేను 1948కి మూడు కలిపి 1951 అని రాసుకున్నాను. అట్లా పొలం, లగ్గం, కాన్పులు వరుసగా ఎక్కించి చూసుకుంటే నా చేతిలో ఉన్నది యాదాస్తు. ఆమె చెప్పింది యాది. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

జ్ఞాపకమంటే సంస్కృతంలో తెలియజేసేది. అందుకే 'జ్ఞాపకం చేశాడు' అంటే ఎదుటివాడికి గుర్తుచేశాడని. 'యాది జేసిండు' అంటే అది కాదు. తలుచుకున్నాడు, లేని మనిషి కోసం బెంగపడ్డాడు, రమ్మని కబురంపినంత పని చేశాడు. ఇన్ని అర్థాలను మోసే క్రియ ప్రామాణిక తెలుగులో నాకు దొరకలేదు. ఉర్దూ, ఫారసీ బాగా తెలిసిన సామల సదాశివ తన జ్ఞాపకాల పుస్తకానికి 'యాది' అనే పేరు పెట్టారు. ఆ పేరుకు బదులు ఇంకో పేరు ఊహించలేను.

రికార్డు చివర నా ప్రశ్నలు అయిపోయాయి. బయట రాజీవ్ రహదారి మీద లారీల మోత. అప్పుడు ఆమె అడిగింది: "మీ అమ్మ నన్ను యాది జేస్తదా?"

ఆ తర్వాత ఇంకొంచెం సేపు రికార్డు నడిచింది. అందులో నా గొంతు లేదు.