ముఖ నాడి శస్త్రచికిత్స అనంతర సమస్యలు

ముఖ నాడిపై ఒత్తిడిని తొలగించడానికో, దాని దారిలో పెరిగిన గడ్డను తీయడానికో చేసే శస్త్రచికిత్సల తరువాత కొందరిలో ఏళ్ళ తరబడి, ఒక్కొక్కసారి జీవితాంతం మిగిలిపోయే ఇబ్బందులను గురించిన వ్యాసమిది. పన్నెండు జతల కపాల నాడులలో ముఖ నాడి ఏడవది. నుదురు ముడవడం, కన్ను మూయడం, నవ్వడం, పెదవులు కలపడం దీని పనులు. నాలుక ముందరి మూడింట రెండు వంతుల భాగపు రుచిని తెలిపే తంతువులు, కన్నీటిని స్రవింపజేసే తంతువులు కూడా ఇందులో ఉన్నాయి. ముఖంలో స్పర్శను, నొప్పిని తెలిపేది మాత్రం ఐదవదైన త్రిధార నాడి. ఈ రెండింటినీ ఒకటిగా పొరబడేవారు చాలామంది.

శస్త్రచికిత్స సందర్భాలు

ముఖంలో ఒక పక్క కండరాలు వాటంతట అవే అదిరే జబ్బును హెమీఫేషియల్ స్పాజం అంటారు. మెదడు కాండం నుండి నాడి వెలువడే చోట ఒక రక్తనాళం దానిని నొక్కడమే సాధారణంగా కారణం. అమెరికా వైద్యుడు పీటర్ జానెట్టా 1960ల నుండి ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతిలో, చెవి వెనుక ఎముకకు చిన్న రంధ్రం చేసి, నాళానికి నాడికి మధ్య మెత్తని టెఫ్లాన్ ముక్కను ఉంచుతారు. ఎక్కువమందికి అదురు తగ్గిపోతుంది. అయితే శ్రవణ నాడి పక్కనే ఉన్నందున కొద్దిమందికి ఆ చెవి వినికిడి పోవచ్చు, ముఖం బలహీనపడవచ్చు. పెరోటిడ్ గ్రంథి, శ్రవణ నాడి గడ్డలను తీసేటప్పుడు కూడా ముఖ నాడి దెబ్బతినే అవకాశం ఉంది.

మూతి వంకర పోగానే పక్షవాతమని అనుకోవడం మనలో పరిపాటి. మెదడులో వచ్చే పక్షవాతంలో సాధారణంగా నుదురు ముడవగలరు. ముఖ నాడి పూర్తిగా దెబ్బతింటే ఆ పక్క నుదురు కూడా కదలదు.

కన్ను

అన్నిటికన్న ముఖ్యమైన సమస్య ఇదే. పెదవి వంకర అందరికీ కనబడుతుంది గనుక దాని గురించే బెంగపడతారు, కంటిని అశ్రద్ధ చేస్తారు. రెప్ప పూర్తిగా మూతపడకపోతే నల్లగుడ్డుపై ఉండే పారదర్శక పొర (కార్నియా) ఎండిపోయి పుండు పడుతుంది, చూపు పోవచ్చు. త్రిధార నాడి కూడా దెబ్బతిన్నవారికి ఆ పుండు నొప్పి సైతం తెలియదు. తణుకు వంటి గోదావరి డెల్టా ఊళ్ళలో కోతలు, నూర్పిళ్ళ రోజుల్లో ధూళి, ధాన్యం మిల్లుల ఊక, రాత్రంతా తిరిగే ఫ్యాను గాలి వీరికి ప్రమాదకరమైనవి. పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి లేపనం వేసి రెప్పను టేపుతో మూయడం, బయట కళ్ళద్దాలు తప్పనిసరి. కంట్లో పసరు పోయించడం ఎంతమాత్రమూ తగదు. అవసరమైతే పై రెప్పలో చిన్న బంగారు బరువు అమర్చుతారు, లేదా రెప్పల అంచులను కొంతమేర కలిపి కుడతారు. ఇటువంటి చికిత్సలు చేసే ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో హైదరాబాదులో ప్రారంభమైంది. విజయవాడ, విశాఖపట్నాలలోనూ దీనికి ఆసుపత్రులున్నాయి. ఆ పేరు గల సినీ దర్శకుడు ఏలూరు సమీపంలోని సోమవరప్పాడు వాస్తవ్యుడే.

మాట, భోజనం

ప, ఫ, బ, భ, మ అనే ఓష్ఠ్యాలు స్పష్టంగా పలకవు. ఉ, ఒ అచ్చులకు పెదవులు గుండ్రపడవు. పూర్వకవులు పాండిత్యం చూపడానికి నిరోష్ఠ్య రచనలు చేశారు. ఈ రోగులకు అది నిర్బంధమైంది. అన్నం మెతుకులు బుగ్గలో చిక్కుకుంటాయి, మజ్జిగ పెదవి మూల నుండి కారుతుంది. అందుకే చాలామంది పెళ్ళి పంక్తిలో కూర్చోవడం మానుకుంటారు. నవ్వినా నవ్వనట్లు కనబడడంతో ఎదుటివారు కోపమనో, గర్వమనో అపార్థం చేసుకుంటారు. మాటతో పని ఉన్న ఉపాధ్యాయులకు, వ్యాపారులకు ఇది జీవనోపాధి సమస్య.

నాడి తిరిగి పెరగడం

తెగిన నాడి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. పెరిగే తంతువులు దారి తప్పితే నవ్వినప్పుడు కన్ను మూసుకుపోతుంది. దీనిని సింకైనీసిస్ అంటారు. లాలాజల గ్రంథికి చేరవలసినవి అశ్రు గ్రంథికి చేరితే భోజనం చేస్తుండగా కన్నీరు కారుతుంది. దీనికి 'మొసలి కన్నీరు' అనే పేరుంది. అద్దం ముందు నెమ్మదిగా చేసే వ్యాయామాలు, కొన్ని నెలలకొకసారి బొటులినం ఇంజెక్షన్లు వీటికి ఉపశమనం. మన ప్రాంతంలో 'కరెంటు పెట్టించడం' ఎక్కువే గాని దాని ప్రయోజనం స్పష్టంగా నిరూపణ కాలేదు.

కోలుకున్న స్థాయిని 1985 నాటి హౌస్-బ్రాక్‌మన్ కొలమానంతో ఆరు తరగతులుగా లెక్కిస్తారు. నాడి తెగినట్లు తేలితే దానిని అతికించడం, వేరే నాడిని కలపడం వంటివి వీలైనంత త్వరగా, సుమారు ఏడాది లోపల జరగాలి. ఆలస్యమైతే కండరాలు క్షీణిస్తాయి. అటుపిమ్మట తొడ నుండి గ్రాసిలిస్ కండరాన్ని తెచ్చి బుగ్గలో అమర్చే పద్ధతి ఉంది. జపాను వైద్యుడు హరీ, ఆయన సహచరులు 1976లో దీనిని ప్రకటించారు.