మూతపడ్డ కంపెనీ కేసు వేస్తే, ఖర్చులకి పూచీ ఎవరు?

ఈరోజు ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. ఒక చిన్న కంపెనీ ఒక పెద్ద కంపెనీకి పని చేసిపెట్టింది. బిల్లు రాలేదు. జీతాలు ఆగాయి, అప్పులు పెరిగాయి, చివరికి చిన్న కంపెనీ లిక్విడేషన్‌లోకి వెళ్లింది. అంటే ఉన్న ఆస్తులు పోగుచేసి అప్పులవాళ్లకి పంచడానికి లిక్విడేటర్ వచ్చాడు. ఆయన ఆ బిల్లు కోసం పెద్ద కంపెనీ మీద కేసు వేశాడు. వెంటనే అవతలి లాయర్ లేచి, "మేం గెలిస్తే మా ఖర్చులు ఎవరిస్తారు? ముందు డబ్బు కట్టించండి, తర్వాతే కేసు" అన్నాడు.

అన్యాయం అనిపిస్తోంది కదా? దీన్నే సెక్యూరిటీ ఫర్ కాస్ట్స్ అంటారు. కట్టకపోతే కేసు అక్కడే ఆగిపోతుంది. ఈ రూల్ ఎందుకు పుట్టిందో తెలియాలంటే 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌కి వెళ్లాలి.

అక్కడ సాధారణంగా ఓడినవాళ్లే గెలిచినవాళ్ల లాయర్ ఖర్చు కూడా పెట్టుకోవాలి. 1855లో లిమిటెడ్ లయబిలిటీ చట్టం వచ్చింది. కంపెనీ మునిగితే వాటాదారుడు తన వాటా మేరకే నష్టపోతాడు, సొంత ఇల్లు పోదు. మంచిదే. కానీ ఖాళీ డబ్బా లాంటి కంపెనీని ముందు పెట్టి ఎవరి మీదైనా కేసు వేయొచ్చు. గెలిస్తే లాభం, ఓడితే డబ్బాలో ఏమీ ఉండదు. అందుకే 1862 కంపెనీల చట్టం 69వ సెక్షన్‌లో ఒక మాట చేర్చారు. ప్రతివాది గెలిస్తే అతని ఖర్చులు ఇచ్చే స్తోమత కంపెనీకి లేదని నమ్మడానికి ఆధారం ఉంటే, జడ్జి సెక్యూరిటీ అడగవచ్చు.

1878లో నార్తాంప్టన్ కోల్ కంపెనీ కేసులో కోర్టు ఇంకో అడుగు వేసింది. కంపెనీ లిక్విడేషన్‌లో ఉందంటే చాలు, వేరే సాక్ష్యం చూపించనంతవరకు స్తోమత లేదనే అనుకోవచ్చంది.

మరి మనిషి పేదవాడైతే? 1885లో కోవెల్ వర్సెస్ టేలర్ కేసులో జడ్జి బోవెన్ చెప్పిన సాధారణ సూత్రం దీనికి పూర్తిగా రివర్స్. పేదరికం కోర్టు గుమ్మానికి అడ్డు కాకూడదు. అంటే చేతిలో పైసా లేని మనిషి కేసు నడపొచ్చు, పైసా లేని కంపెనీ మాత్రం డబ్బు చూపించాలి.

ఇక్కడే అసలు చిక్కు. కంపెనీని ముంచినవాడే "దీని దగ్గర డబ్బు లేదు" అని తప్పించుకుంటే?

దీనికి జవాబు 1973లో వచ్చింది. సర్ లిండ్సే పార్కిన్సన్ వర్సెస్ ట్రిప్లాన్ కేసులో లార్డ్ డెన్నింగ్ చట్టంలోని ఒక్క మాట పట్టుకున్నారు: "మే". అడగవచ్చు అంతే, అడిగి తీరాలని కాదు. నేను కోడ్ రాసే రోజుల్లో స్పెసిఫికేషన్‌లో "మస్ట్" ఉందా "మే" ఉందా అన్నదాని మీదే గంటలు గొడవపడేవాళ్లం, అందుకే ఇది నాకు బాగా నచ్చింది. జడ్జి ఏం చూడాలో కూడా ఆయన చెప్పారు. కేసు నిజమైనదేనా? గెలిచే అవకాశం ఉందా? నిజమైన కేసు నోరు నొక్కడానికే సెక్యూరిటీ అడుగుతున్నారా? కంపెనీకి ఈ గతి పట్టింది ప్రతివాది డబ్బు ఆలస్యం చేయడం వల్లేనా? ఆ కేసులో సెక్యూరిటీ ఇప్పించలేదు.

1997లో ఇంకో మలుపు. నార్‌గ్లెన్ అనే కంపెనీ లిక్విడేషన్‌లో ఉంది. దాని దావా హక్కుని కంపెనీ వెనకున్న మనుషులకే బదిలీ చేశారు. మనుషులు కాబట్టి సెక్యూరిటీ గొడవ లేదు, ప్రభుత్వ లీగల్ ఎయిడ్‌కీ దారి దొరికింది. ఇది దొడ్డిదారి అని అవతలివాళ్లు మొత్తుకున్నారు. హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం బదిలీ చెల్లుతుందంది. హక్కు అమ్మే అధికారం లిక్విడేటర్‌కి చట్టమే ఇచ్చింది మరి.

మనకీ దీనితో చుట్టరికం ఉంది. ఇదే రూల్ మన 1956 కంపెనీల చట్టంలో 632వ సెక్షన్‌గా వచ్చింది.

ప్రతివాది భయం కూడా నిజమైనదే, గెలిచి కూడా ఖర్చులు నెత్తిన పడితే ఎవరికైనా మంటే. కానీ లిక్విడేటర్ వెనక జీతం రాని ఉద్యోగులు, బాకీ రాని సప్లయర్లు ఉంటారు. సెక్యూరిటీ కట్టలేక కేసు ఆగితే, తప్పెవరిదో తేలకుండానే వాళ్ల డబ్బు పోతుంది. అందుకే ఆ "వచ్చు" అనే మాటకి అంత విలువ.